మేనమామ చేతి కత్తెర

మా సాయంత్రం బడి మొదలైన వారంలోనే రక్తం కారింది. పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తున్నాను. వెనక ఏదో గోల. తిరిగి చూసేసరికి ఒక ఆడపిల్ల ఒక పోరగాడి గుండెల మీద కూర్చుని, స్టీలు టిఫిన్ డబ్బా మూతతో వాడి నుదుటి మీద దబదబా బాదుతోంది. వాడి రెండు చేతులూ ఆ పిల్ల జుట్టులో చిక్కుకుని ఉన్నాయి. వాడు వదలడు, ఆమె ఆపదు. ఇద్దరి వీపులూ మోగించి విడదీశాను. వాడి కనుబొమ్మ చీలి చొక్కా మీద రక్తం కారుతోంది. ఆ పిల్ల నెత్తి మీద కూడా ఒకచోట చర్మం ఊడి వచ్చింది. ఇద్దరిలో ఒక్కరూ ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది, ఒళ్లు మండి.

"ఎందుకురా దాని జుట్టు గుంజినవ్?" అన్నాను.

"పేన్ల మూట మేడమ్ అది. నా పక్కన కూసుంటుంది," అన్నాడు వాడు, రక్తం తుడుచుకుంటూ.

నేను దర్జీ పని చేస్తాను. మాది ఆత్మకూర్ దగ్గర ఊరు. కొత్త జిల్లాలు అయిన కొత్తలో సంగతి ఇది. పగలంతా జాకెట్లు కుట్టి, పొద్దు వాలాక మిషన్ మీద గుడ్డ కప్పి, పాత పంచాయతీ గదికి వెళ్లేదాన్ని. రిటైరైన బస్సు కండక్టర్ ఒకాయన సర్పంచిని అడిగి ఆ గది తాళం తెచ్చాడు. ఆయన లెక్కలు చెప్పేవాడు, నేను తెలుగు చెప్పేదాన్ని. మమ్మల్ని ఎవరూ పెట్టలేదు, మాకు ఎవరూ ఇచ్చేది లేదు. కూలికి పోయే ఇళ్ల పిల్లలు, గొర్లు కాసే ఇళ్ల పిల్లలు బడి విడిచాక అమ్మానాన్నలు వచ్చేదాకా దుమ్ములో కొట్టుకుంటుంటే చూడలేక మొదలుపెట్టాం. ఇప్పుడు గదిలోకి వచ్చి కొట్టుకుంటున్నారు. ఇళ్లలో చూసిందే వాళ్లకు వచ్చు మరి. మాట కంటే ముందు చెయ్యి లేస్తుంది.

ఆ పిల్ల గొర్లు కాసే ఇంటిది. మూడో తరగతి. పుట్టినప్పటి నుంచి నెత్తికి కత్తెర తగల్లేదు. నడుము దాకా జుట్టు, పీచు తాళ్ల మాదిరి ఉండలు కట్టి ఉండేది. దగ్గరికి వస్తే వాసన. ఆదివారం ఆదివారం బోరు దగ్గర పిల్లలందరికీ కుంకుడుకాయ రసంతో తలలు రుద్దేవాళ్లం. ఆ పిల్లను పట్టుకోబోతే నా మణికట్టు కొరికింది. పళ్ల గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. కొరికితే కొరికిందని ఒడిసి పట్టి నీళ్లు పోశాను. ఒకటే అరుపు. రసం నెత్తి మీది పుండ్లలోకి దిగి మండుతోందని అప్పుడు తెలిసింది. జుట్టు పాయలు తీసి చూశాను. లోపలంతా చీము.

రెండు రోజులకు జ్వరం వచ్చింది. వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని ఆత్మకూర్ దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని చూసింది.

"ఈ జుట్టు మొత్తం తీసెయ్యాలె. లేకుంటే మందు చర్మానికి అందదు. ఇప్పటికే పురుగు పడుతాంది. గీ చీము రక్తంల కలిసిందనుకో, పిల్ల దక్కదు," అంది. నర్సు కత్తెర తెచ్చింది. అంతే, పిల్ల తల్లి బిడ్డను ఎత్తుకుని బయటికి ఒకటే పరుగు. నేను వెనకాల పడి బస్టాండు దగ్గర పట్టుకున్నాను.

"నీకేమన్న పిచ్చా? పిల్లను సంపుకుంటవా?" అని రోడ్డు మీదే కేకలేశాను.

"కత్తెర పెడితేనే సస్తదక్కా," అంది ఆమె. "దీని ముంగట ఇద్దరు పుట్టి పోయిండ్రు. ఇది నిలిస్తే పుట్టెంటికలు ఎల్లమ్మకిస్త, యాటను కోస్త అని మొక్కిన. మ్యానమామ ఒళ్లె కూసోవెట్టి, మ్యానమామ చేత్తో మొదటి కత్తెర పడాలె. వేరేటోళ్లు ముడితే అమ్మ తీస్కపోతది."

మా దగ్గర పుట్టెంటికలకు మేనమామ లేనిదే పని కాదు. మొదటి పాయ ఆయన కత్తిరిస్తేనే మంగలి చెయ్యి పెడతాడు. ఈ పిల్లకు మేనమామ ఉన్నాడు. నది వైపు ఊళ్లో మేకలు కోసి మాంసం అమ్ముతాడు. కానీ అతనికీ పిల్ల తండ్రికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. పిల్ల పసిగుడ్డుగా ఉన్నప్పుడు తండ్రి తాగొచ్చి భార్య పళ్లు రాలగొట్టాడు. మేనమామ వచ్చి బావ కుడిచెయ్యి రోకలితో విరిచి పోయాడు. ఆనాటి నుంచి రాకపోకలు లేవు. మొక్కు అక్కడే ఆగింది, జుట్టు పెరుగుతూ పోయింది. కత్తెర పెట్టకపోతే చస్తుందని డాక్టరమ్మ, పెడితే చస్తుందని తల్లి. మధ్యలో పిల్ల ఒళ్లు పెనంలా కాలుతోంది.

ఆ సాయంత్రమే నేను గొర్ల దొడ్డికి పోయాను. తండ్రి గొర్రెపిల్లకు పాలు పట్టిస్తున్నాడు. దానితో మాట్లాడే గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ఇతనేనా పళ్లు రాలగొట్టిందని అనుమానం వచ్చింది. విషయం చెప్పగానే లేచి చేతికర్ర విసిరాడు. అది నా పక్కనే తడికకు తగిలి తడిక చిరిగింది.

"వాన్ని నేను పిలుస్తనా? నా చెయ్యి సూడు! కర్ర సుత పట్టస్తలేదు సక్కగ," అన్నాడు, వంకరగా అతికిన మణికట్టు నా ముఖం ముందు ఆడిస్తూ.

"విసరడానికి మంచిగనే పట్టొస్తుందిగా," అన్నాను. "నువ్వు పిలువకు. నేను పిలుస్త. నీ బిడ్డ బతుకాల్నా వద్దా, గది ఒక్కటి జెప్పు."

చాలాసేపు తిట్టాడు. నన్ను, భార్యను, ఆమె పుట్టింటిని, డాక్టర్లను. నేనూ ఊరుకోలేదు, మాటకు మాట అన్నాను. చివరికి, "వస్తే రానీ. నేనైతే వాని మొకం సూడ," అన్నాడు.

మర్నాడు కండక్టరూ నేనూ మేనమామ ఊరికి వెళ్లాం. అతను దూలానికి మేకను తలకిందులుగా వేలాడదీసి తోలు వలుస్తున్నాడు. పిడికిలి లోపలికి తోసి చర్మాన్ని చర్రున లాగుతున్నాడు. కండక్టర్ మర్యాదగా రాకపోకల గురించి, రక్త సంబంధాల గురించి ఎత్తుకున్నాడు.

"వాడు నా చెల్లె పండ్లు రాలగొట్టిండు," అన్నాడు మేనమామ, చెయ్యి ఆపకుండా. "నేను వాని చెయ్యిరగ్గొట్టిన. సరిపోయిందనుకుంటున్నవా సారూ? ఇంకో చెయ్యుంది వానికి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ ఇద్దరు ఎట్లన్న సావుండ్రి. నీ మ్యానకోడలు నెత్తిల పురుగులు వడ్డయి. మొక్కు అనుకుంట మీ చెల్లె కత్తెర ముట్టనిస్తలేదు. నువ్వు రాకుంటే ఆ పిల్ల చస్తది, గంతే," అన్నాను.

తోలు లాగే చెయ్యి ఆగింది. అతను ఆ పిల్లను పసిగుడ్డుగా చూడటమే, మళ్లీ చూడలేదు. రక్తం చేతులతోనే నోరు తుడుచుకున్నాడు. "ఎప్పుడు రావాల్నో జెప్పండ్రి," అన్నాడు.

శుక్రవారం పెట్టుకున్నాం. ఊరి బయట ఎల్లమ్మ గుడి. పొట్టేలును పిల్ల తండ్రి మందలోంచి తెచ్చాడు. మంగలిని పిలిచాం, డప్పులు పెట్టాం, రెండు వైపుల చుట్టాలూ వచ్చారు. ముందు జుట్టు తీయించి పిల్లను దవాఖానకు పంపేద్దాం, యాట సంగతి తర్వాత అని నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. కండక్టర్ చెవిన పెట్టలేదు. ఎన్నో ఏళ్లు బస్సులో కొట్లాటలు తీర్చిన మనిషి, ఇదీ తీరుస్తాననుకున్నాడు. పొట్టేలు పలుపు తండ్రి చేతికిచ్చి, నీళ్ల చెంబు మేనమామకు ఇచ్చాడు. ఇద్దరి చేతులూ ఒకే యాట మీద పడితే పగ చల్లారుతుందని ఆయన లెక్క.

యాట మీద పసుపు నీళ్లు పోస్తే అది ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే యాట 'ఇచ్చింది' అంటారు, అమ్మ ఒప్పుకున్నట్టు. మేనమామ నీళ్లు పోశాడు. పొట్టేలు కదల్లేదు. మళ్లీ పోశాడు. డప్పులు గట్టిగా కొట్టారు. పొట్టేలు రాయిలా నిలబడి చూస్తోంది. ఎండ ముదురుతోంది. తల్లి భుజం మీద పిల్ల వాలిపోయి మూలుగుతోంది. చెంబులు చెంబులు నీళ్లు అయిపోయాయి, పొట్టేలు చెవి కూడా ఆడించలేదు.

"గట్లెట్ల ఇస్తది?" అన్నాడు తండ్రి, ఎటో చూస్తూ. "నీళ్లు వోసే చెయ్యి మంచిదైతే ఇయ్యకపోనా."

"పలుపు వట్టిన చెయ్యి ఆడిదాన్ని కొట్టిన చెయ్యి. అమ్మకు తెల్వదా?" అన్నాడు మేనమామ.

చెంబు వచ్చి తండ్రి మూతికి తగిలింది. తండ్రి పొట్టేలు మెడలోంచి పలుపు ఊడదీసి అదే తాడు మేనమామ మెడకు వేసి లాగాడు. అంతే, అటువాళ్లు, ఇటువాళ్లు, కర్రలు, రాళ్లు. డప్పు పగిలింది. ఎవరో కొబ్బరికాయ విసిరితే నా చెవి పక్కన తగిలి కళ్లు బైర్లు కమ్మాయి. మంగలి పెట్టె వదిలేసి పారిపోయాడు. పొట్టేలు కంది చేలోకి దూకింది. నేను చెప్పు తీసి అందినవాణ్ని అందినట్టు కొట్టాను. ఎవరి పక్షమని చూడలేదు. పిల్ల తండ్రి ఒక బండరాయి ఎత్తి, కిందపడిన మేనమామ కుడిచేతి మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆ వెంటనే ఎవరిదో కర్ర తండ్రి తల మీద పడింది, అతనూ కూలాడు. కండక్టర్ వెళ్లి అతని మీద కూర్చున్నాడు. చొక్కా చిరిగి, ముక్కు నుంచి రక్తం కారుతూ, "ఆపుండ్రి, ఆపుండ్రి" అని ఏడుస్తున్నాడు పాపం.

అందరూ రొప్పుతూ నిలబడిన ఆ కాసేపట్లో తల్లి భుజం మీంచి పిల్ల జారి దిగింది. జ్వరానికి కాళ్లు తడబడుతున్నాయి. మంగలి పెట్టె దగ్గరికి నడిచి దుమ్ములోంచి కత్తెర తీసుకుంది. ఎవరిని పొడుస్తుందో అనుకున్నాను. దానికి వచ్చిన విద్య అదే కదా. ఆ పిల్ల నేరుగా గుడి గోడకు ఆనుకుని పడి ఉన్న మేనమామ దగ్గరికి పోయి, అతని ఒళ్లో కూర్చుంది.

"మామా, కొయ్యి," అంది.

"చెయ్యి లేస్తలేదు బిడ్డా," అన్నాడు అతను. ఆ చెయ్యి అప్పటికే వాచి నల్లబడుతోంది.

పిల్ల ఆ చేతిని తన ఒళ్లోకి ఎత్తుకుంది. అతను నొప్పికి అరిచాడు. ఒక్కొక్క వేలు పట్టి కత్తెర పిడి కన్నాల్లో దూర్చింది. ఇంకో చేత్తో తన జుట్టు పాయ ఒకటి ముందుకు లాగి కత్తెర నోట్లో పెట్టింది. తర్వాత తన చేయి అతని వేళ్ల మీద వేసి గట్టిగా నొక్కింది. మేనమామ మళ్లీ అరిచాడు. ఒక్క నొక్కుకు తెగలేదు. పిల్ల పెదవి కొరుక్కుంటూ మళ్లీ మళ్లీ నొక్కింది. ఆ పాయ తెగి పిల్ల ఒళ్లో పడింది.

"అమ్మా, మామ కోసిండు," అని తల్లికి చెప్పింది.

తల్లి అక్కడే కూలబడి ఏడ్చింది. నేను పోయి మంగలిని కాలర్ పట్టుకుని లాక్కొచ్చాను. అతను మిగతా జుట్టు తీశాడు. జుట్టు కింద నుంచి నెత్తి బయటపడేకొద్దీ జనం వెనక్కి జరిగారు. పచ్చి పుండు, అందులో తెల్లగా కదులుతున్న పురుగులు. ఒకావిడ పక్కకు పోయి వాంతి చేసుకుంది. తండ్రి కండక్టర్ కింద నుంచే తల ఎత్తి చూశాడు. "ఇన్ని దినాలు గిట్లనే ఉన్నదా?" అన్నాడు. అతను నుదురు నేలకేసి కొట్టుకుంటుంటే నాకు జాలి కలగలేదు. ఇంకా నాలుగు కొట్టుకోనీ అనుకున్నాను.

అందర్నీ ఒకే ట్రాలీ ఆటోలో ఎక్కించి దవాఖానకు తీసుకెళ్లాం. మేనమామ ఒక పక్క, తండ్రి ఇంకో పక్క, మధ్యలో గుండుతో పిల్ల. దారి పొడవునా ఆ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇప్పటికీ మాట్లాడుకోరు. మేనమామ ఎడమచేత్తో తోలు వలవడం నేర్చుకున్నాడు. పొట్టేలు సాయంత్రానికి తనంతట తాను మందకు చేరిందట. దాన్ని కోసే ధైర్యం మళ్లీ ఎవరికీ రాలేదు.

పుండ్లు మానాక ఆ పిల్ల మా గదికి వచ్చింది. నెత్తంతా ఊదారంగు మందు. లోపలికి అడుగు పెట్టగానే వెనక వరసలో నవ్వులు. ఆ పిల్ల నేరుగా కనుబొమ్మ చీలిన పోరగాడి దగ్గరికి పోయి, వంగి, గుండు వాడి ముక్కు దగ్గర పెట్టింది.

"గుంజు," అంది. "గుంజురా, సూస్త."

వాడు ఆ నెత్తి మీది మచ్చలన్నీ చూశాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. తర్వాత కాస్త జరిగి, పక్కన చోటు ఇచ్చాడు. ఆ పిల్ల కూర్చుని పలక తీసింది. టిఫిన్ డబ్బా మూత మాత్రం ఊడదీసి, చేతికి అందేలా మోకాలి పక్కనే పెట్టుకుంది.