మామ అంటుకత్తికి కొత్త పిడి

మా ఇంట్లో ఉన్నన్ని మడత కత్తులు ఏ సంస్థానం ఆయుధాగారంలోనూ ఉండి ఉండవు. అద్దాల బీరువా నిండా అవే. నాయుడుపేటలో పాత ఇనుము కొట్లో దొరికిన కొమ్ము పిడి కత్తి, తాతల కాలం నాటి వక్కల కత్తి, ఒక గొర్రెల కాపరిని బస్సెక్కేదాకా వెంటబడి బతిమాలి తెచ్చుకున్న వంకర కత్తి. ఒకటైతే మరీ చిన్నది. దాంతో దోమకు గడ్డం గీయవచ్చు, దోమ ఒప్పుకుంటే.

తెచ్చినదాన్ని తెచ్చినట్టు ఉంచే రకం కాదు నేను. పిడి మారుస్తాను. రివిట్టు ఊడగొట్టి ఇత్తడిది వేస్తాను. అలుగును, అంటే కోసే రేకును, అద్దంలా తోముతాను. తిరుపతిలో మా మేడ మీద నేను గ్రైండరు పెడితే కపిలతీర్థం కోతులు కొండ అవతలికి వలసపోతాయని ఊళ్ళో చెప్పుకుంటారు. మొదట చెప్పింది నేనే అనుకోండి.

మా ఆవిడ మాత్రం ఈ సంపదకు "వంకాయ కొయ్యని కత్తులు" అని పేరు పెట్టింది.

"ఇన్ని కత్తులుండాయి, ఒక్కటన్నా ఎప్పుడన్నా ఒక ఎర్రగడ్డ కోసి పెట్టినాదా?" అంటుంది, కత్తిపీట ముందు కూచుని కళ్ళు తుడుచుకుంటూ.

"ఇట్లాంటివాటితో ఎర్రగడ్డలు కోస్తారా ఎవరైనా!" అంటాను.

"ఇంగేం కోస్తారు? రిబ్బన్లా?"

ఇంత బీరువాలోనూ ఒక ఖాళీ ఉండేది. నడిమి అరలో సరిగ్గా మధ్యన. అది మా మేనమామ అంటుకత్తి కోసం నేను ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంచిన సింహాసనం.

మామది ఐరాల దగ్గర పల్లె. మామిడికి అంటు కట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు ఎదురు లేదు. తోతాపురి కానీ, బేనీషా కానీ, ఆయన కట్టిన అంటు బతకలేదంటే భూమిదే తప్పు. ఆయన కత్తి సాన పట్టీ పట్టీ తమలపాకు ఈనెంత సన్నబడింది. ఎడమచేత్తో అంటు కట్టే పుల్ల పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో అలుగును తోసి తెరిచేవాడు. రెండో చెయ్యి సాయానికి రావలసిన పని లేదు. నేను చూస్తూ గుటకలు మింగేవాణ్ణి. అడిగినప్పుడల్లా ఆయన దాన్ని మొలలో దోపుకుని పొలంలోకి వెళ్ళిపోయేవాడు.

మొన్న ఎండాకాలంలో దేవుడు కరుణించాడు. కత్తి పిడి నిలువునా చీలింది. దానికి రాగితీగ చుట్టి వాడుతున్నాడు మామ.

"కొత్త పిడి వేసి ఇస్తాను మామా," అన్నాను, గొంతులో తేనె పోసుకుని.

పిడి మీది రాగితీగను ఒకసారి తడిమాడు. తర్వాత కత్తి తీసి అరుగు మీద పెట్టాడు. కత్తిని చేతిలోంచి చేతికి ఇవ్వకూడదు, తగాదా వస్తుంది. కింద పెడితే రెండో మనిషి తీసుకోవాలి. మా వైపు పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. పెట్టాడే గాని, దాని మీద వేలు తీయలేదు.

"సూడల్లుడా. వానలు పడేతలికి నా కత్తి నాకు కావాల. పుల్లలు తయారుగా ఉండి కత్తి లేకపోతే నిన్నే కొమ్మకు అంటు కట్టేస్తా."

"మామా, నా మీద ఆమాత్రం నమ్మకం లేదా?"

"ల్యా," అని వేలు తీశాడు.

నా లోపలి ఎత్తు వేరు. పిడి ఎంత అందంగా చెయ్యాలంటే, మామ దాన్ని చూసి, "సొనచేతులతో దీన్ని ముట్టుకుంటే పాపంరా, నువ్వే పెట్టుకో, నాకింగోటి కొనియ్యి," అనాలి. అందుకోసం చింత చేవ సంపాదించాను. అది కర్ర కాదు, రాయి. ఆకురాళ్ళు దాని మీద అరిగి సన్యాసం పుచ్చుకున్నాయి. గరుకు కాగితంతో రుద్ది రుద్ది, మైనం పట్టించి, మా ఆవిడ అందులో చూసుకుని బొట్టు పెట్టుకునేంత నునుపు తెచ్చాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పాత స్ప్రింగు వదులుగా ఉందని కొత్తది వేశాను. కీలు బిగించాను.

కత్తి తెరుచుకోవడం మానేసింది.

గోరు విరిగింది గాని అలుగు కదల్లేదు. పళ్ళతో లాగాను. చివరికి కొబ్బరినూనె పోసి రెండు చేతులా లాగితే కదిలింది. ఇక దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతూ, తెరిచీ మూసీ వదులు చేద్దామని పట్టు పట్టాను. బ్యాంకు వరుసలో టక్కు. పెళ్ళి భోజనంలో టక్కు. ఒక చావు ఇంట్లో అందరూ ఏడుపు ఆపిన సమయం చూసి టక్కు. మా ఆవిడ పక్క వీధికి మకాం మారుస్తానంది.

ఈలోగా వాన పడింది. మామ ఫోను.

"రేయ్ అల్లుడా, ఈడ నేల తడిసినాది. నా కత్తి యాడుండాది?"

"అయిపోయింది మామా, చివరి మెరుగులు."

"మెరుగులేందిరా, అదేమన్నా పెండ్లికూతురా?"

సరిగ్గా అప్పుడే మా ఆవిడ మొక్కు తీర్చాల్సి వచ్చింది. కొండకు నడిచి వెళ్ళాలి. అలిపిరి దగ్గర తనిఖీలో భద్రతా మనిషి నా జేబు తడిమాడు. కత్తి సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. తిరుపతిలో పుట్టి పెరిగి, కొండకు కత్తి తీసుకుపోకూడదని తెలియని మనిషిలా నిలబడ్డాను.

"ఇది పైకి కుదరదు సార్. బయట ఎవరి దగ్గరన్నా పెట్టేసి రండి," అన్నాడాయన మర్యాదగానే. వెనక వరుస మర్యాదగా లేదు.

బయట మామిడికాయ ముక్కలు ఉప్పూకారం వేసి అమ్మే ఒకామె బండి కనబడింది. పరుగెత్తి ఆమె చేతిలో కత్తి పెట్టాను. "అమ్మా, రేపు వచ్చి తీసుకుంటా, జాగ్రత్త," అన్నాను.

"పెట్టిపోన్నా, నేనేడికి పోతా," అంది.

తిరిగి వచ్చేసరికి మా ఆవిడ ముఖం మాడిపోయింది.

"చేతికిచ్చేసినారే! బండి మీద పెట్టుంటే ఆయమ్మ తీసుకునేది గదా! ఇంగ తగాదా ఖాయం."

"తొందరలో..."

"తొందరలో కత్తి చేతికిస్తారా? తొందరలో నిప్పు నోట్లో పెట్టుకుంటారా?"

గోవిందనామాల మధ్య మెట్టు మెట్టుకూ ఈ మాటే. భక్తులు "గోవిందా" అన్న చోట మా ఆవిడ "చేతికిచ్చినారే" అనేది. మోకాళ్ళ పర్వతం దగ్గర నా మోకాళ్ళు పోయాయో, చెవులు పోయాయో చెప్పలేను. దేవుడి ఎదుట నిలబడ్డ ఆ రెప్పపాటులో కూడా నాకు కనిపించింది చింత చేవ పిడే.

మరుసటి రోజు దిగి వచ్చేసరికి బండి అక్కడే ఉంది. ఆమె అక్కడే ఉంది. కత్తి ఆమె చేతిలో ఉంది. మామిడికాయ మీద నాట్యం చేస్తోంది.

నా అద్దం లాంటి అలుగు సొన తాగి నల్లబడింది. పిడి మీద కారం ఎర్రగా పారాణి పెట్టింది. ఆమె బొటనవేలితో అలుగును మూసి, మళ్ళీ తోసి తెరిచింది. ఒంటి చేత్తో. టక్కు కూడా లేదు.

"బలే కత్తినా! మొదుట్లో మొండికేసినాది. ఎన్ని కాయలు కోసినానో, దారికొచ్చేసినాది."

"అమ్మా, దాచమన్నాను, కొయ్యమన్నానా?"

"కొయ్యొద్దని చెప్పినావా?"

"అది మామూలు కత్తి కాదు!"

"కాయ కోస్తాంది గదా, ఇంగేం కాదు?"

"నీ బండి కింద ఇంకో కత్తి లేదా?"

"అది మొద్దు. అరిసేముందు ఒక ముక్క తినుపో, గొంతు సరిపోతాది."

చుట్టూ జనం మూగారు. మా ఆవిడ మాత్రం పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినట్టు వెలిగిపోతోంది. "తగాదా వస్తాదని చెప్పలా?"

బండి ఆమె కత్తి తుడిచి, నా చేతికి ఇవ్వకుండా మామిడికాయల కుప్ప మీద పెట్టింది. "చేతికిస్తే మళ్ళా మొదులవుతాది. తీసుకోన్నా. ఇట్లాంటిది ఇంగోటుంటే ఇచ్చిపోగూడదా?"

"బీరువా నిండా ఉండాయి. రేపే పంపిస్తా," అంది మా ఆవిడ. నా ఇంట్లోనే నాకు శత్రుసైన్యం.

మళ్ళీ తోమడానికి వ్యవధి లేదు. మామ ఫోను మోగుతూనే ఉంది. పుల్లలు కోసి తడి గోనెసంచిలో చుట్టి పెట్టాడట, ఎండితే ఆ ఏటి అంటు పోయినట్టేనట. ఇంటికి కూడా పోకుండా ఐరాల దారి పట్టాం.

మామ అరుగు మీదే కూచుని ఉన్నాడు. కత్తి ఆయన ముందు పెట్టాను. తీసుకోలేదు. ఒకసారి కత్తినీ ఒకసారి నన్నూ చూసి, తీసి, బొటనవేలితో తోశాడు. తెరుచుకుంది. ఆయన కనుబొమలు లేచాయి.

"కీలు బలే ఆడతాందే! ముందుకన్నా మేలుగా ఉండాది. నువ్వే చేసినావా?"

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ దగ్గింది. ఇన్ని నెలల చాకిరీలో ఆయన మెచ్చుకున్నది ఒక్కటే, అదీ నేను చెయ్యనిది.

"మామా, పిడి చూడు. చింత చేవ," అన్నాను.

ఆయన చూడలేదు, పట్టుకున్నాడు. గోనెసంచిలోంచి ఒక పుల్ల లాగి ఏటవాలుగా కొయ్యబోయాడు. సొన అంటిన చేతిలో కత్తి గిర్రున తిరిగింది.

"ఏందిరా ఇది! పిడా, జారిపోయే జిలేబి చేపా? సొనచేతిలో నిలబడద్దా?"

లేచి లోపలికి పోయాడు. పాత సైకిలు ట్యూబు పట్టుకొచ్చి, పట్టీలుగా కోసి, నా చింత చేవ మీద, నా మైనం మీద, నా నునుపు మీద, ఒక్క అంగుళం కూడా కనబడకుండా బిగించి చుట్టేశాడు. మెరుపు మీద నల్ల రబ్బరు. నేను పిడి వెయ్యలేదు, రబ్బరుకు లోపల పుల్ల వేశాను.

"ఆ. ఇప్పుడయినాది కత్తి," అని గోనెసంచి విప్పి పనిలో పడ్డాడు. చీకటి పడేలోపు పుల్లలన్నీ మొక్కలకెక్కాయి. మధ్యలో ఒకే ఒక్కసారి తల ఎత్తాడు. "పాత పిడి పారేసినావా?"

"లేదు మామా, ఇంట్లో ఉంది."

"అయితే అది నువ్వే పెట్టుకో."

అలా బీరువా నడిమి అరలో ఆ సింహాసనం నిండింది. దాని మీద నిలువునా చీలి, రాగితీగ చుట్టుకున్న ఒక పాత కర్రముక్క కూచుంది. పక్కన మాత్రం ఒక ఖాళీ కొత్తగా వచ్చింది. కొమ్ము పిడి కత్తి ఇప్పుడు అలిపిరిలో మామిడికాయలు కోస్తోంది. మా ఆవిడ అన్నంత పనీ చేసింది.

ఇంటికి వచ్చినవాళ్ళు మెరిసేవన్నీ వదిలేసి ఆ కర్రముక్క దగ్గరే ఆగుతారు.

"ఇదేందప్పా?"

"కత్తి," అంటాను.

"కత్తి యాడుండాది ఇందులో?"

"ఐరాలలో," అని వంటింట్లోంచి జవాబు వస్తుంది, ఎర్రగడ్డలు కోస్తూ.