జంపఖానా మీద వెచ్చని చోటు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా సంఘంలో దయ్యాలు వెళ్లగొట్టే ప్రార్థనలు కూడా జరుగుతాయి. అక్కడ జుట్టు విరబోసుకుని ఊగేవాళ్లలో సగం మందికి కడుపు నిండా అన్నం పెడితే నయమవుతుందని నేను అందరి ముందే అన్నాను. అందుకు కొందరు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు. వాళ్లెవరెవరో నాకు గుర్తుంది.

ఇది రాయడానికి కారణం, ఊళ్లో ఈ సంగతిని వేరే విధంగా చెప్పుకుంటున్నారు. టీచరమ్మకు తోడికోడలి మీద ఈర్ష్యతో మతి తప్పిందంటున్నారు. నాకు మతి తప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది మర్రిగూడ దగ్గర చిన్న ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్ని. మా చర్చిలో రోజూ వేకువ ప్రార్థన ఉంటుంది. వానైనా, చలైనా, పత్తి ఏరే రోజులైనా ఆగదు. చర్చి తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. తలుపు తీసి, లైటు వేసి, జంపఖానా మీద మొదట మోకరించేది నేను. నా సొంత ప్రార్థన ముగిశాకే గంట కొడతాను. పాస్టర్ సారు నిలబడి వాక్యం చెప్పే బల్ల, పుల్పిట్, దాని ముందరి జాగ తలుపు తీసిన మనిషిదే. అందులో ఇంకొకరు కూర్చోరు. అది మా దగ్గర పద్ధతి.

మా నీళ్ల సంగతి తెలిసిందే. చిన్నప్పటి నుంచి ఆ ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి నా మోకాళ్లు కొయ్యబారిపోయాయి. ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నాయి గానీ పాడైన ఎముకలు బాగుపడవు కదా. అయినా కుర్చీలో కూర్చుని ప్రార్థన చేయడం నాకు ఇష్టం లేదు. గోడ పట్టుకుని, పళ్లు బిగబట్టి మోకరించేదాన్ని. గోడ పట్టుకునే లేచేదాన్ని. రోజూ దేవుణ్ణి మొదట అడిగేది నా మోకాళ్ల గురించే. ఏళ్ల తరబడి అడిగాను. జవాబు లేదు.

అట్లాంటప్పుడు రూతు వచ్చింది. మా మరిది భార్య. జడ్చర్లలో మరిది పని పోయి, ఇద్దరూ సేద్యం చేసుకుందామని ఊరికి వచ్చేశారు. మంచి నీళ్లు తాగి పెరిగిన మనిషి. చటుక్కున మోకరిస్తుంది, చటుక్కున లేస్తుంది.

మేం ప్రార్థనలో అందరం ఒకేసారి గొంతెత్తుతాం. ఆ హోరులో ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. రూతు వచ్చాక ఒక్కొక్కరే గొంతు తగ్గించడం మొదలుపెట్టారు, ఆమె ప్రార్థన వినడానికి. చివరికి పైకి వినపడేది నా గొంతు ఒక్కటే. ఒకరోజు వెనక నుంచి ఎవరో "జర మెల్లగ, టీచరమ్మా" అన్నారు. దేవుడితో మాట్లాడుతున్న మనిషిని మెల్లగా మాట్లాడమన్నారు!

నా అంగన్‌వాడీలో పెరిగిన పిల్ల తల్లి, ఆ పిల్లకు జ్వరమొస్తే, పక్కనే ఉన్న నన్ను దాటుకుని పోయి ఆమెకు చెప్పుకుంది. "రూతమ్మా, నువ్వు అడుగు. నీ ప్రార్థన జల్ది ముడుతది" అంది. మరి నాది ఎడ్లబండి మీద పోతుందా?

ఆ చలికాలంలో ఒక వేకువ, ఎప్పటిలాగే తాళం తీసి లోపలికి పోయాను. షాబాద్ బండలు మంచు ముక్కల్లా ఉన్నాయి. నా జాగలో మోకరించాను. కింద వెచ్చగా తగిలింది.

చెయ్యి పెట్టి చూశాను. అప్పుడే ఎవరో లేచిపోయినట్టు, రెండు మోకాళ్ల మేర మాత్రమే వెచ్చగా ఉంది. చుట్టూ జంపఖానా అంతా చల్లగా ఉంది. పిల్లి పడుకుందేమో అనుకున్నాను. కిటికీలన్నీ గడియ పెట్టే ఉన్నాయి. పైగా పిల్లికి రెండు చోట్లు ఎందుకు?

మరునాడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఇంకో విషయం కూడా చెప్పాలి. అక్కడ మోకరించిన రోజుల్లో నాకు నొప్పి తగ్గేది.

నాకు అనుమానం ఒక్కరి మీదే వచ్చింది. నా మోకాళ్లు వంకర, ఎడంగా పడతాయి. ఆ వెచ్చని చోట్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. అవి చక్కని కాళ్లున్న మనిషి మోకాళ్లు. రూతు నాకంటే ముందే వచ్చి, నా జాగలో ప్రార్థన చేసుకుని, ఏమీ ఎరగనట్టు మళ్లీ అందరితో వస్తోందన్నమాట.

కూడిక కాగానే అందరి ముందే అడిగాను. "పాస్టర్ సారూ, ఇంకో తాళంచెవి ఎవరికిచ్చిన్రు?"

"ఇంకోటి ఏడుందమ్మా? ఉన్న ఒక్కటీ నీ నడుముకే ఉంటది గద."

రూతు వైపు తిరిగాను. "నువ్వు చెప్పు చెల్లె. నాకంటె ముందుగాల వచ్చిపోతున్నవా?"

"నేనెందుకొస్త అక్కా? నువ్వు గంట కొడితేనే నాకు మెలకువొస్తది."

అందరూ నవ్వారు. పాస్టర్ సారు కూడా నవ్వారు. ఇంటికి వస్తే మా ఆయన, "నువ్వు పోయేది ప్రార్థనకా, పంచాయితీకా?" అన్నాడు. నేను ఎవరికీ చెప్పకుండా మర్రిగూడ పోయి కొత్త తాళం కొనుక్కొచ్చి వేశాను.

ఆ రోజే మా అత్త చేన్లో జారిపడింది. మా ఆయన, రూతు కలిసి ఆమెను నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. నా మోకాళ్లతో అక్కడి మెట్లు ఎక్కలేనని నన్ను ఇంట్లోనే ఉండమన్నారు. పెద్దకోడల్ని నేను. తోడుగా పోయింది ఆమె.

మరునాడు వేకువనే కొత్త తాళం తీశాను. లోపల చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. పుల్పిట్ ముందు చెయ్యి పెట్టాను. అంతకుముందు కంటే ఎక్కువ వెచ్చగా ఉంది. రూతేమో నల్లగొండలో ఉంది. అయినా అక్కడే మోకరించాను. ప్రార్థన ముగించి లేచి నిలబడ్డాక గాని తెలియలేదు, గోడ పట్టుకోలేదని.

సాయంత్రం మా ఆయన వచ్చి, అత్తకు పెద్ద దెబ్బేం తగల్లేదని చెప్పి, అన్నానికి కూర్చున్నాడు.

"రూతు మొండిది. పొద్దు పొడవకముందే మంచాల నడుమ మోకరిచ్చింది. సిస్టరమ్మ లెవ్వుమన్నా లెవ్వలే."

"అత్త కోసమా?" అన్నాను.

"అమ్మ పేరు ఎనకనే వచ్చింది. ముందుగాల నీ మోకాళ్ల కోసమే అడిగింది. చలికాలం మొదలైనకాడికెల్లి రోజూ గట్లనే అడుగుతదట, ఇంట్ల, నువ్వు గంట కొట్టకముందే. తమ్ముడు చెప్పిండు."

గంట కొడితేనే మెలకువొస్తుందన్న మనిషి! అందరి ముందూ అబద్ధమాడింది.

ఎవరడగమన్నారు ఆమెను? నా మోకాళ్లు నావి. ఏళ్లుగా నేను అడిగితే వినని దేవుడు, నిన్న మొన్న వచ్చిన మనిషి అడిగితే విన్నాడా? దీనికంటే దయ్యమైనా నయమనిపించింది.

పాస్టర్ సారుకు చెప్తే దేవుని కార్యమన్నారు. మా ఆయన, బండలు పగటి ఎండను పట్టుకుంటాయన్నాడు. మరి ఎండ రెండు మోకాళ్ల మేరకే పడుతుందా? రూతును మాత్రం నేను అడగలేదు, అడగను.

ఇప్పుడు నేను ఆ చోటు వదిలి, పక్కకు జరిగి మోకరిస్తున్నాను. నాకు వినయం వచ్చిందని సంఘంలో చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ. నొప్పి మళ్లీ మొదలైంది. నొప్పి నాది, అడిగేదీ నేనే. ఎప్పటికైనా నా నోటితో అడిగిందే వినాలి ఆ దేవుడు.

కానీ రోజూ తలుపు తీయగానే ముందు వంగి, ఆ చోట చెయ్యి పెట్టి చూస్తాను. చాలా రోజులు వెచ్చగానే ఉంటుంది. ఎప్పుడైనా చల్లగా తగిలితే నాకు ప్రార్థన సాగదు. బయటికి వచ్చి, రూతు ఇంట్లో లైటు వెలిగిందా, ఆమె లేచిందా, బాగుందా అని చూస్తూ మెట్టు మీద నిలబడతాను. మూసిన తలుపు వెనక ఆ వెచ్చదనం ఎట్లా వస్తుందో నాకు తెలియదు. అది లేని రోజు నా గుండె ఎందుకు ఆగినంత పనవుతుందో, అది అంతకన్నా తెలియదు.