పసుపు జెండా పాతని చోట

రిజర్వు సైనికుల శిక్షణ క్యాంపుకు చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. మే నెల. నార్త్ కరోలినా పడమటి కొండలు, సన్నటి వాన. ఆర్డరు చిన్నదే: ట్రక్కుల కోసం అడవిలో రెండు మైళ్ళ బాట వేయాలి. అందరికన్నా ముందు నడిచి నేల చూసే పని నాదీ, మెడిక్‌దీ. అతనూ తెలుగువాడే, అమెరికాలోనే కమ్మింగ్ అనే ఊళ్ళో పెరిగాడు.

మర్నాడు క్యాంపు జీవశాస్త్రవేత్త మాకు ఒక ఫోటో చూపించింది. ఓవెన్‌బర్డ్ అనే పిట్ట. పిచ్చుకంత ఉంటుంది. ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు వీపు, తెల్లటి రొమ్ము మీద నల్ల చారలు, కంటి చుట్టూ తెల్లని వలయం. నడినెత్తిన నారింజ చార, దానికి అటూ ఇటూ నల్ల గీత. "టీచర్, టీచర్" అన్నట్టు గొంతు పెంచుతూ కూస్తుంది. నేల మీదే గూడు. ఎండుటాకుల కప్పు, పక్కన ద్వారం. గూడు దగ్గరికి వెళ్తే రెక్క విరిగినట్టు నటించి మనల్ని దూరంగా లాక్కుపోతుంది. గూడు కనబడితే పసుపు జెండా పాతాలి. బాట పక్కకు మళ్ళుతుంది.

ఆరో రోజు, శుక్రవారం, ఉదయం ఆరూ నలభై. నా బూటు పక్కనుంచి ఒక పిట్ట రెక్క ఈడ్చుకుంటూ పరుగెత్తింది. వంగి చూశాను. ఆకుల కప్పు కింద నాలుగు చిన్న నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

మళ్ళిస్తే బండరాళ్ళ మీద ఇంకో రెండు రోజుల తవ్వకం. శనివారం సెలవు పోతుంది.

వెనక పది అడుగుల దూరంలో ఉన్న మెడిక్ అడిగాడు: "అన్నా, హెడ్ మీద ఆరెంజ్ ఉంది. అదే కదా?"

"పిచ్చుకరా. పద."

"పిచ్చుక హాప్ చేస్తుంది అన్నా. ఇది వాక్ చేస్తోంది."

రేడియోలో సార్జెంట్: "స్టేటస్?"

"ఆల్ క్లియర్," అన్నాను.

తొమ్మిదింటికి ట్రక్కులు ఆ దారినే వెళ్ళాయి. డ్యూటీ ముగిసిన రోజు జీవశాస్త్రవేత్త అడిగింది, గూడేమైనా కనిపించిందా అని. లేదన్నాను. నమ్మి, రాసుకుంది.

క్యారీలో ఇంటికి తిరిగొచ్చాక పక్కింటి ఆంటీ అడిగారు: "అక్కడంతా డేంజరా బాబూ?"

"లేదాంటీ. ఉత్త ట్రైనింగే."

ట్రక్కులు వెళ్ళాక చూసింది మాత్రం ఆమెకు చెప్పలేదు. తడి మట్టిలో టైరు చాళ్ళు. ముక్కున ఆకుపచ్చ గొంగళిపురుగుతో ఆ పిట్ట చాలులో నడుస్తోంది. నాలుగడుగులు వేసి ఆగుతుంది. నేలకేసి చూస్తుంది. వెనక్కి తిరిగి మళ్ళీ నడుస్తుంది. పురుగును మాత్రం వదలడం లేదు.