వాల్వుల మేస్త్రి ఇంట్లో చెవులమ్మ

వాల్వుల మేస్త్రి కట్టిన పెద్ద ఆంప్లిఫయరును ఆయన పెళ్ళామే పగబట్టి కాల్చేసిందని వీధి వీధంతా చెప్పుకుంటోంది. స్పీకరు వైరు పీకేసి, మోత పెంచేసి, పొగ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుందట. కొళాయి దగ్గర ఒకరు, రొట్టెల కొట్టు దగ్గర ఒకరు, ఎవరికి తోచిన ఉప్పూ కారం వాళ్ళు చల్లుతున్నారు. ఒకావిడైతే ఆ ఇల్లాలి చేతిలో కత్తెర కూడా పెట్టేసింది. ఈ మాట పుట్టించింది మేస్త్రి చెల్లెలు. అందులో సగం అబద్ధం. ఏ సగమో తేలాలంటే ఆ ఇంటి సంగతి మొదటినుంచీ తెలియాలి.

వాల్వు అంటే గాజుబుడ్డి. కరెంటు ఇస్తే లోపల సన్నగా ఎర్రబడుతుంది, కాస్త వేడెక్కాక పాట మొదలవుతుంది. ఈ కాలంలో అవెవరికి కావాలని అడగకండి. పాటంటే చెవి కోసుకునేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ పదిమంది ఉంటారు, వాళ్ళంతా వెతుక్కుంటూ మేస్త్రి ఇంటికే వచ్చేవారు. ముందుగది ఆయన పనిగది. గోడవారన బల్ల, బల్ల మీద టంకం కొట్టే కడ్డీ, రాగితీగ చుట్టలు. వాల్వులన్నీ చిరిగిన మేజోళ్ళలో దూర్చి డబ్బాలో పెట్టేవాడు. ఆ ఇంట్లో ఎవరి మేజోడు చిరిగినా పారేయడానికి వీల్లేదు.

ఆంప్లిఫయరు పెట్టె కట్టడం ఒక ఎత్తు, దానికి స్పీకరు కుదర్చడం ఇంకో ఎత్తు. మేస్త్రి దాన్ని సంబంధం చూడటం అనేవాడు. వాల్వుల పెట్టెకు బలం తక్కువ. బరువైన స్పీకరు అంటగడితే మెట్లెక్కిన ముసలాడిలా రొప్పుతుంది. వెడల్పు నోటి స్పీకరైతే ఆ కాస్త బలానికే ఇల్లంతా నిండిపోతుంది. పెట్టె వెనక నాలుగూ ఎనిమిదీ పదహారూ అని అంకెలుంటాయి, స్పీకరు మీద ఉన్న అంకె చూసుకుని అక్కడ వైరు బిగించాలి. ఇంతవరకూ చేయి తిరిగినవాడెవడైనా చేస్తాడు. కానీ అంకెలు కలిసినా కాపురం కుదరని జంటలుంటాయి. ఒక స్పీకరు ఆ పెట్టెతో మూలుగుతుంది, ఈ పెట్టెతో పాడుతుంది. అది పట్టుకోవడానికి మేస్త్రి చెవి చాలేది కాదు. అక్కడ భార్య కావాలి.

ఆవిడ చేయి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, స్పీకరుకు ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కళ్ళు మూసుకునేది.

"ఏమండీ, ఈ పాటగాడు దుప్పట్లో దూరి పాడుతున్నాడు."

మేస్త్రి వేరే స్పీకరు తగిలించేవాడు.

"ఇప్పుడు దుప్పటి తీశాడు గానీ, పక్కన ఎవరో గరిటెతో మూకుడు గీకుతున్నారు."

మళ్ళీ మార్చేవాడు. ఆవిడ ఇంకేమీ అనకుండా కూర్చుండిపోతే ఆ జంట కుదిరిందన్నమాట. కొత్తలో మేస్త్రే మురిసిపోయి ఆవిడకు చెవులమ్మ అని పేరు పెట్టాడు. ఆ పేరు వీధిలోకి వెళ్ళింది, వీధినుంచి ఊళ్ళోకి వెళ్ళింది. కొనేవాళ్ళు గడపలో కాలు పెడుతూనే "చెవులమ్మగారు విన్నారా?" అని అడగడం మొదలుపెట్టారు. విన్నదంటేనే పెట్టె కదిలేది. "చేయి మేస్త్రిది, చెవి అమ్మగారిది" అని ఒకరితో ఒకరు చెప్పుకునేవారు, అదీ మేస్త్రి ముందే. ఆయన పళ్ళు బయటపెట్టి నవ్వేవాడు. లోపల మాత్రం పచ్చిమిరపకాయ కొరికినట్టుండేది. ఒకసారి ఆవిడ వినకుండానే విన్నదని చెప్పి ఒక పెట్టె అంటగట్టబోయాడు. ఆ వచ్చినాయన నమ్మక ఆవిడను పిలిపించుకున్నాడు. ఆవిడ విని, "పైన పలచగా ఉందండీ" అని పచ్చి నిజం చెప్పేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట మేస్త్రి కంచం ముందునుంచి లేచిపోయాడు.

అలాంటి మేస్త్రికి, ఏళ్ళు గడిచాక, కట్టిన పెట్టెలు తిరిగి రావడం మొదలైంది. "చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది మేస్త్రీ" అని ఒకరు తెచ్చి దింపారు. ఆ వెనకే ఇంకొకరు. రెండూ చెవులమ్మ తేనెలా ఉన్నాయన్నవే. మేస్త్రికి అనుమానం వచ్చింది. ఆవిడ తొట్టి దగ్గర గిన్నెలు కడుగుతుంటే, వెనక నిలబడి ఇనుప పళ్ళెం ఒకటి నేల మీద వదిలాడు. పక్కింటి కుక్క మొరిగింది. ఆవిడ భుజం కూడా కదల్లేదు. వంగి పళ్ళెం తీసి మళ్ళీ వదిలాడు. ఆవిడ గిన్నె తిప్పి తోముతూనే ఉంది.

ఆవిడ చెవికి సన్నటి మోతలు ముందే పోయాయి, మిగతావీ ఒకటొకటిగా పోతున్నాయి. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? బీరువా తాళాలు ఆడపడుచు నడుముకు వేలాడుతుంటాయి, వంటేమిటన్నది కూడా ఆడపడుచే చెబుతుంది. ఆ ఇంట్లో నలుగురి ముందు ఆవిడ మాట చెల్లే చోటు ఆ ముక్కాలిపీట ఒక్కటే. అది పోతే మిగిలేది పొయ్యి.

ఇంకొకడైతే ఆ పళ్ళెం పట్టుకుని అక్కడే కూలబడేవాడు. మేస్త్రికి మాత్రం నెత్తిమీది బరువెవరో దించినట్టయింది. ఇక ఈ చెవి పీడ వదిలింది అనుకున్నాడు. ఊరికే వదిలితే సరిపోదు, అందరికీ తెలిసేలా వదలాలి.

ముందు చెల్లెలి చెవిన వేశాడు. అన్నాచెల్లెళ్ళిద్దరికీ అదో ఆటైపోయింది.

"కూర వడ్డించవే, మొద్దు మొహమా" అనేవాడు, మొహం నిండా నవ్వు పులుముకుని. ఆవిడా నవ్వుతూ వడ్డించేది.

"వదినా, నీ అందానికి ఆ పూల రంగొకటా? గోడకు సున్నం కొట్టినట్టున్నావు" అనేది చెల్లెలు, మెచ్చుకుంటున్నట్టు తలాడిస్తూ.

"కొత్తదేనమ్మా" అనేది ఆవిడ, గుడ్డ సర్దుకుంటూ.

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఎదురింటి పిన్నిగారు కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఆ వీధిలో పిన్నిగారి కిటికీకి తెలియకుండా పిల్లి కూడా గోడ దూకదు. పిన్నిగారు ఇంకొకటి కూడా కనిపెట్టింది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే చెవులమ్మ వాళ్ళ కళ్ళలోకి చూడటం మానేసి పెదాలు చూడటం మొదలుపెట్టింది. ఆ సంగతి పిన్నిగారు ఎవరికీ చెప్పలేదు. ఆవిడ కడుపులో దాచుకున్న మాట బహుశా అదొక్కటే.

అప్పుడు మేస్త్రి చేతిలో పెద్ద పెట్టె ఒకటి ఉంది. గడియారాల షాపాయన చెప్పి కట్టించుకుంటున్నాడు. ఇంత పెద్ద పెట్టె మేస్త్రి అంతకుముందు కట్టలేదు, ఇకముందు కట్టే ఓపికా లేదు. అందులోని ట్రాన్స్‌ఫార్మరు ఆయన చేత్తో చుట్టింది, వరస మీద వరస, మధ్యలో నూనె కాగితం పరుస్తూ. ఆ రకం తీగ ఇప్పుడు ఎక్కడా దొరకదు, ఉన్నదంతా దానికే పెట్టేశాడు. స్పీకరు బీరువా అంత ఉంది. ఈ జంటను తన చెవితో తానే కుదిర్చాడు, ఆవిడను దగ్గరకు రానివ్వలేదు. నిజం చెప్పాలంటే బాగా కుదిరింది కూడా.

షాపాయన వచ్చాడు, విన్నాడు, కళ్ళు చెమర్చాయి. అంతా అయ్యాక అడగనే అడిగాడు.

"అమ్మగారు విన్నారా?"

మేస్త్రి చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు వినదు, ఇప్పుడు మీ ముందే వింటుంది. ఏమే, ఇలా రా!" అని చేయి ఊపాడు మేస్త్రి.

ఆవిడ వచ్చి పీట మీద కూర్చుంది. పిన్నిగారు అప్పుడే ఖాళీ గిన్నె ఒకటి తిరిగి ఇవ్వడానికి వచ్చి కిటికీ దగ్గర ఆగిపోయింది. ఆ గిన్నె ఎవరిదో పిన్నిగారికే తెలియదు.

పాట మొదలైంది. ఆవిడ తల ఊపుతోంది. మేస్త్రి షాపాయనకు కన్ను గీటి, స్పీకరు వెనక్కి వెళ్ళి, మరలు వదులు చేసి వైరు రెండు కొసలూ లాగేశాడు. గది టక్కున మూగబోయింది. పెట్టెలో వాల్వులు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. ఆవిడ తల ఊపుతూనే ఉంది.

మేస్త్రి ముందుకు వచ్చి వంగి, "ఎలా ఉందే?" అన్నాడు.

"బాగుందండీ."

చెల్లెలు ఆపుకోలేక కిసుక్కుమంది. షాపాయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, నవ్వాలో కూడదో తెలియక, ఆయనా నవ్వేశాడు.

"చూశారా మీ చెవులమ్మ? ఇన్నాళ్ళూ మీరంతా ఈ చెవికేగా దండాలు పెట్టింది!" అన్నాడు మేస్త్రి. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "ఇంకేమైనా చెప్పవే" అన్నాడు.

"కాస్త పెంచండి. వెనక వయొలిన్ అందడం లేదు."

"వయొలినట!" అని చెల్లెలు గోడకు ఆనుకుపోయింది. మేస్త్రి రాజుగారి ముందు బంటులా వంగి మోత పెంచే గుండీ తిప్పాడు.

"ఇంకొంచెం" అంది ఆవిడ.

తిప్పాడు.

"ఇంకా పెంచండి, పిసినారితనమెందుకు?"

గది గదంతా నవ్వు. మేస్త్రి నవ్వుతూ నవ్వుతూ గుండీ చివరికంటా తిప్పేశాడు.

"మేస్త్రీ, పెట్టెలో ఏదో దోమలా పాడుతోందేమిటి?" అన్నాడు షాపాయన.

మేస్త్రి నవ్వు సగంలో ఆగింది. వాల్వుల పెట్టెను స్పీకరు తగిలించకుండా పాడించకూడదు. లోపల పుట్టిన బలం బయటికి పోయే దారి ఉండాలి, లేకపోతే పుట్టిన చోటునే కాల్చుకు తింటుంది. పెట్టె కొన్న ప్రతివాడికీ వేలు చూపించి మరీ ఆయన చెప్పే మొట్టమొదటి మాట అదే. స్విచ్చు వైపు చేయి చాపాడు. చాపేలోపలే లోపల చిటుక్కుమంది, నీలంగా ఒక మెరుపు మెరిసింది, కాలిన లక్క కంపు గుప్పుమంది. చేత్తో చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు వరసల సందుల్లోంచి పొగ లేచింది.

ఆవిడ పొగ చూసి లేచి, పీట పక్కకు జరిపి, కిటికీ రెక్కలు తెరిచింది. పిన్నిగారు గిన్నె అక్కడే పెట్టేసి ఇంటికి పరిగెత్తింది. షాపాయన టోపీ తీసుకుని, "నేనెందుకు నవ్వానో నాకే తెలియడం లేదమ్మా" అని ఆవిడతో చెప్పి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు.

మర్నాడే చెల్లెలు కొళాయి దగ్గర మొదలుపెట్టింది, వదినే వైరు పీకిందని. మేస్త్రి చెవినా పడింది. కాదనాలంటే తానే పీకానని చెప్పాలి, ఆ పని చేసింది మేస్త్రి అని ఊరు వినాలి. ఊరుకున్నాడు. రొట్టెల కొట్టువాడు ఆవిడ చేతికి ఇవ్వకుండా రొట్టె బల్ల మీద పడేసినా, పక్కింటివాళ్ళు ఆవిడను చూసి తలుపేసుకున్నా, మాట్లాడలేదు. ముక్కాలిపీట తీసుకెళ్ళి అటక మీద పడేశాడు.

కానీ ఆయనను లోపల ఒక పురుగు తొలుస్తోంది. పెంచమన్నప్పుడు ఆవిడకు తెలుసా? చెవిటిదై తెలియక అన్నదా, తెలిసే అన్నదా? తెలియక అన్నదైతే తాను మూర్ఖుడు, అంతే. తెలిసి అన్నదైతే? కాలిన ట్రాన్స్‌ఫార్మరు వరసలు విప్పుతూ, నల్లబడ్డ తీగ చుట్టలు కింద పడేస్తూ, తాను వైరు పీకినప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుందా తెరిచిందా అని గుర్తు చేసుకునేవాడు. తాను స్పీకరు వెనక ఉన్నాడు, చూడలేదు. పోనీ అడుగుదామంటే, అరిచి అడగాలి. అరిస్తే వీధి వింటుంది. ఆవిడేమో ఎప్పటిలాగే కూర తరిగేది, వడ్డించేది, ఆయన నవ్వకపోయినా తాను నవ్వేది. ఆ నవ్వు చూస్తే ఆయనకు ముద్ద దిగేది కాదు.

పిన్నిగారికీ అన్నం సయించడం మానేసి చాలా రోజులైంది. కళ్ళారా చూసిన దాంట్లో ఒక్క ముక్క తెలియకపోతే పిన్నిగారి ప్రాణం నిలవదు. ఒకరోజు ఉదయం, చెవులమ్మ గడప మీద కూర్చుని మేజోళ్ళకు మాట్లు వేస్తుంటే వచ్చి ఎదురుగా చతికిలబడింది. పనిగది తలుపు ఓరగా ఉంది. లోపల మేస్త్రి ఇటు వీపు పెట్టి బల్ల దగ్గర ఉన్నాడు. కొళాయి దగ్గర బిందెల వరస, ఆ వరసలో చెల్లెలు.

పిన్నిగారు మొహం దగ్గరకు జరిపి, గొంతు పైకి రానివ్వకుండా, పెదాలు మాత్రం కదిలిస్తూ అడిగింది.

"అమ్మాయ్, పెంచమన్నప్పుడు వైరు లేదని నీకు తెలుసా?"

మేస్త్రికి ప్రశ్న వినబడలేదు. కానీ తన గొంతు తనకు వినబడనివాళ్ళకు ఎంత గట్టిగా మాట్లాడుతున్నామో తెలియదు. చెవులమ్మ సూది గుడ్డలో గుచ్చి, తాపీగా తలెత్తి, కొళాయి దగ్గర బిందెలు కూడా ఆగిపోయేంత గొంతుతో జవాబు చెప్పింది.

"తెలియకేం పిన్నిగారూ! పాట ఉంటే పీట కింద నేల వణుకుతుంది, స్పీకరు గుడ్డ ఊగుతుంది. రెండూ ఆగిపోయాయి. పెంచమన్నాను, మా ఆయన పెంచారు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నా మాట వినే కదండీ ఆయన మేస్త్రి అయ్యింది, ఆ ఒక్కరోజు వినకుండా ఉంటారా?"