మైకు ముందు పాలు

బస్టాండులో ఆమెను అందరూ మైకమ్మ అనేవారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో ఆమె నోట వింటేగాని జనం పెట్టెలు ఎత్తేవారు కాదు. అలాంటి గొంతు బొంగురుపోయింది. మాట మందగించింది.

"మైకమ్మా, నువ్వు బస్సు వస్తోందని చెప్పడం పూర్తయ్యేసరికి అది ఊరు దాటేసింది" అని కండక్టర్లు ఏడిపించారు.

ఒళ్లు బరువెక్కి, ఎండలో కూడా చలేస్తుంటే ఆసుపత్రికి వెళ్లింది. థైరాయిడ్ గ్రంథి చాలినంత పనిచేయడం లేదని తేలింది. డాక్టరమ్మ చిన్న మాత్రతో మొదలుపెట్టి, కొన్ని వారాలకోసారి రక్తం చూసి మోతాదు పెంచుతూ వచ్చింది. రిపోర్టు మాత్రం బెట్టు చేసినట్టు కదల్లేదు. ఈలోగా మేనేజరు ఆమెను లగేజీ గదికి పంపి, మైకు దగ్గర రికార్డు గొంతు వినిపించే మిషను పెట్టించాడు.

"కొత్త టైంటేబులు మొదలయ్యేలోపు గొంతు బాగైతే సీటు మీదే. లేదంటే ఇక మిషనే" అని తేల్చేశాడు.

ఆ తర్వాతి రిపోర్టు చూసి డాక్టరమ్మ ఇంకా పెద్ద మాత్ర రాయబోయి ఆగింది.

"మాత్ర ఎలా వేసుకుంటున్నారు?"

"ఒక్కరోజు కూడా మానలేదండీ. లేవగానే."

"దేనితో?"

పక్కనున్న అత్తగారు గర్వంగా అందుకుంది. "నేనే ఇస్తానండీ, గ్లాసుడు వేడి పాలతో! మైకు ముందు కూర్చునేవాళ్ల గొంతుకి పాలే రక్ష అని దీనికి పని నేర్పినాయన చెప్పాడు. లగేజీ గదికి పంపినా నేను మాన్పించలేదు."

డాక్టరమ్మ నవ్వేసింది. "పాలలో ఉండే కాల్షియం ఈ మందుని ఒంటికి పట్టనివ్వదు. ఇక నుంచి పరగడుపున నీళ్లతో వేసుకోండి. పాలు నాలుగు గంటల తర్వాతే. మోతాదు ఇప్పటికి ఇదే. గుండె దడగా ఉన్నా, చేతులు వణికినా ఆగకుండా వచ్చెయ్యండి."

బయటికి రాగానే అత్తగారు నెత్తి కొట్టుకుంది. "నా చేతుల్తో నేనే చేశానే!"

"ఊరుకోండి అత్తయ్యా, కిటుకు దొరికిందిగా!" అంటూ మైకమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని గబగబా మెట్లు దిగింది.

వారాలు గడిచాయి. ఒక పొద్దున కూతురిని కేకేస్తే ఎదురింటివాళ్లు తలుపు తీశారు. గొంతు! తన గొంతే! ఆ ఊపులో కర్టెన్లన్నీ ఉతికేసింది, బీరువాలు సర్దేసింది. హుషారు అక్కడితో ఆగలేదు. నిద్ర దూరమైంది, గుండె దడదడలాడింది. గరిటె మైకులా పట్టుకుని సాధన చేస్తుంటే అత్తగారు చెవులు మూసుకుంది.

"అమ్మాయ్, నీ బస్సుకి బ్రేకుల్లేవు. ఒక్క ఊరి పేరైనా అర్థమైతే ఒట్టు."

"గొంతొచ్చింది కదా అత్తయ్యా! డాక్టరమ్మకి చెబితే మోతాదు తగ్గిస్తుంది. మళ్లీ బొంగురుపోతే నా సీటు?"

"ముందు ఆ గరిటె చూడు, ఎలా వణుకుతోందో."

మైకమ్మ చూసింది. గరిటె దించి, చెప్పులు వేసుకుంది.

"పాలతో పట్టక పెంచిన మోతాదు ఇది. ఇప్పుడంతా పడుతోంది, అందుకే ఎక్కువైంది" అని డాక్టరమ్మ తగ్గించింది. ఆపైన రోజూ కళ్లు తెరవగానే మైకమ్మ భయంభయంగా ఒక ఊరి పేరు పలికి చూసుకునేది. దడ తగ్గింది, వణుకు పోయింది. గొంతు మాత్రం ఎక్కడికీ పోలేదు.

కొత్త టైంటేబులు మొదలైన పొద్దున మేనేజరు మిషను స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. మైకమ్మ ఫ్లాస్కులోంచి రెండు గుక్కల వేణ్నీళ్లు తాగి, బటను నొక్కింది. మొదటి బస్సు పేరు, ప్లాట్‌ఫారం తొందర లేకుండా, ఖంగుమని పలికింది. కిటికీ అవతల జనం పెట్టెలు ఎత్తారు.

"ఒరేయ్, బస్సింకా ఇక్కడే ఉందిరోయ్!" అని ఒక కండక్టరు అరిచాడు.

మేనేజరు స్విచ్చి ఆపేశాడు. మైకమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. దాన్ని బలవంతాన మింగి, రెండో బస్సు పేరు ఎత్తుకుంది.