మంచినూనె అన్నది నేనే

ఒక మాట నా గొంతులో ఇరుక్కుని చాలా ఏళ్లయింది. మింగుడు పడదు, బయటికి రాదు. పాపభయంతో రాస్తున్నాననుకోకండి. విసుగొచ్చి రాస్తున్నాను. భోజనాల దగ్గర ఎవరైనా ఆవకాయ గిన్నె నా వైపు జరిపితే చాలు, ఒకావిడ ఎదురుగా నిలబడి నా మొహంలోకి చూస్తున్నట్టే ఉంటుంది. వద్దంటే "కారం పడదా?" అని అడుగుతారు. పడదంటాను. ఎంతకాలమని ఇలా?

తొంభైల చివరి సంగతి. హైదరాబాదు మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ అప్పుడే లేచింది. ఎవరిని కదిపినా కంప్యూటర్ కోర్సుల గోలే. నేనేమో ఫుడ్ టెక్నాలజీ చదివి, నానక్‌రామ్‌గూడ అవతల బండరాళ్ల మధ్య ఒక రేకుల షెడ్డులో, పచ్చళ్ల కంపెనీకి క్వాలిటీ ఆఫీసర్‌నయ్యాను. మొదటి ఉద్యోగం. ఓనరు ప్రసాదరావు గారిది మా నెల్లూరు జిల్లానే, ఆ పరిచయంతోనే తీసుకున్నారు. ఇంగ్లండులో మనవాళ్లు పెరుగుతున్నారు, అక్కడి దుకాణాల్లో మన ఆవకాయ ఉండి తీరాలని ఆయన పట్టుదల. పట్టుదల ఆయనది, చాకిరీ నాది.

అబ్బబ్బ, ఆ సర్టిఫికెట్ల గొడవ! గోడలకు తెల్ల పలకలు వేయించు. కిటికీలకు జాలీలు కొట్టించు. ఆడవాళ్ల చేత గాజులు తీయించు, ముక్కుపుడక తీయనన్నవాళ్లను బతిమాలు. మూడో రోజు తిరగగలపడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలియక తల పట్టుకుని కూర్చున్నాను. వీటన్నిటి మీద ఇంకో నిబంధన. సీసా మీద ఏం రాశామో లోపల అదే ఉండాలి. ముఖ్యంగా వేరుశనగ. అది తగిలితే ప్రాణం మీదికి వచ్చేవాళ్లు అక్కడ ఉంటారు. సరే, మేము నువ్వుల నూనె అని రాశాం. నేను నా చేత్తో కలిపిన నమూనా పంపాం. పాసైంది. ప్రసాదరావు గారు షెడ్డంతా మిఠాయి పంచారు.

కలిపే గదికి ఇన్‌ఛార్జి సుగుణక్క. గోపన్‌పల్లి నుంచి వచ్చేది. నాకన్నా చాలా పెద్దది, భర్త లేడు, ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. ఆదివారం చర్చికి పోయేది, మిగతా రోజులన్నీ మాకే. నేను రాసిన పద్ధతుల పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఆ గదిలో ఒక్కరికీ ఇంగ్లీషు రాదు. నాకు తెలియదా? తెలుసు. సర్టిఫికెట్ ఇచ్చే ఆడిటరు చదువుతాడు కదా, చాలనుకున్నాను. పనివాళ్లకు నోటితో చెప్పాను. అదీ పరుగులో, గుమ్మంలో నిలబడి. "అక్కా, ఎక్స్‌పోర్టు దాంట్లో మంచినూనె పోయించు." మా ఇంట్లో మంచినూనె అంటే నువ్వుల నూనె. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

సీసాలు నింపి, పెట్టెలు కట్టేశాక స్టోరు గదిలోకి వెళ్లాను. నువ్వుల నూనె డబ్బాలు సీలు కూడా తీయకుండా అలాగే ఉన్నాయి. సుగుణక్కను పిలిచాను.

"అక్కా, ఏ నూనె పోశారు?"

"మంచి నూనె మేడం. మీరే చెప్తిరి గద."

"మంచినూనె అంటే?"

"పల్లి నూనె." వేరుశనగ నూనె! నా మొహం చూసి ఆమెకు కంగారు పుట్టింది. "గదే గద మేడం మంచి నూనంటే? నువ్వుల నూనెను మేం నువ్వుల నూనె అనే అంటం. ఏమైంది? తప్పయిందా?"

"ఏం కాలేదు. ఎవరితోనూ అనకు. నేను చూసుకుంటాను."

"మీరు జూస్కుంటే ఇగ నాకేం ఫికర్," అని పనిలోకి వెళ్లిపోయింది.

నేను ఏం చూసుకున్నానో చెబుతాను. కాయల సీజను అయిపోయింది, మళ్లీ కలపాలంటే మామిడికాయ లేదు. ఓడలో చోటు ఖాయమైంది. ప్రసాదరావు గారికి చెబితే ఉద్యోగం ఊడుతుంది. అందుకని, సీలు తీయని ఆ నువ్వుల నూనె డబ్బాలు ఎవరి కంటా పడకుండా, అన్నీ వేరే షిఫ్టు వాళ్ల చేత మన ఊరి దుకాణాలకు వెళ్లే నిమ్మకాయ పచ్చట్లో పోయించేశాను. సరుకు ఓడెక్కించాను. ఆ సీసా తెరిచిన ఇంట్లో పల్లీ పడని పిల్ల ఉంటే? ఈ ప్రశ్న నాకు ఆ రోజే వచ్చింది. వచ్చింది కాబట్టే దాన్ని పొరపాటు అనలేకపోతున్నాను. మాట తేడా రావడం పొరపాటు. ఆ తర్వాతదంతా తెలిసి, ఆలోచించి, తీరిగ్గా చేసిందే.

అక్కడి రేవులో పరీక్ష చేసి సరుకంతా ఆపేశారు. ప్రసాదరావు గారు మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచి, సగం ఇంగ్లీషులో సగం తెలుగులో అరిచారు. పల్లీనూనె ఎవరు పోయమన్నారని అడిగారు. సుగుణక్క నా వైపు చూసింది. నేను చెబుతానని చూసింది. నేను బల్ల మీద పేపరువెయిట్‌ను చూస్తున్నాను. చివరికి ఆమే అంది, "మేడం మంచి నూనె పొయ్యమన్నది సార్."

"మంచినూనె అంటే నువ్వుల నూనే కదా! ఆ అమ్మాయి సరిగ్గానే చెప్పింది. మరి ఆ డబ్బాలేవి? ఎవరికి అమ్ముకున్నావు? నీ వల్ల అక్కడ జనం చచ్చేవాళ్లు, తెలుసా?" నా వైపు తిరిగారు. "ఈ లోకల్ వాళ్లకి ఒక మాట ఎక్కదు కదమ్మా. నువ్వు చెప్పావా లేదా?"

"సరిగ్గానే చెప్పాను సార్," అన్నాను.

మాట వరకూ నిజమే. అంతకన్నా పెద్ద అబద్ధం నేను ఇంతవరకూ ఆడలేదు. డబ్బాల సంగతి ఎత్తలేదు. సుగుణక్క ఇంకేమీ అనలేదు. నేను చూసుకుంటానన్నాను కదా, బహుశా ఇంకా చూసుకుంటాననే అనుకుందో ఏమో! ఆ పూటే ఆమెను పంపేశారు. దొంగ అన్న పేరు పెట్టి మరీ పంపేశారు.

తర్వాత ఆడిటరు వచ్చి, తప్పు జరిగితే మూలకారణం కనిపెట్టాలన్నది నిబంధన అంటూ దాన్ని అడిగాడు. పనివాళ్లకు శ్రద్ధ లేకపోవడం అన్నాను. ఏం చేశారన్నాడు. ఆ మనిషిని తీసేశామన్నాను. తృప్తిగా తలాడించాడు. ఛీ, ఎంత సులువు! మరుసటి సీజనుకు మా ఆవకాయ ఇంగ్లండు చేరింది, నాకు జీతం పెరిగింది. కొన్నాళ్లకు మానేశాను కానీ అది పశ్చాత్తాపంతో కాదు, ఇంకా మంచి ఉద్యోగం దొరికి.

ఆ మధ్య చెప్పేద్దామని గోపన్‌పల్లి వెళ్లాను. అపార్టుమెంట్ల మధ్య వాళ్ల ఇల్లు వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. ఆమె నన్ను ఇట్టే గుర్తుపట్టింది. కుర్చీ వేసింది, టీ పెట్టింది. ఎక్కడ మొదలుపెట్టాలా అని నేను చూస్తుంటే ఆమే మొదలుపెట్టింది.

"మేడం, ఒక్కటడుగుతా, ఏమనుకోకుండ్రి. గప్పుడు సార్ అన్నడు గద, నా వల్ల గాడ జనం సచ్చేటోళ్లని. ఎవలన్న సచ్చిపోయిండ్రా? గాళ్ల పేర్లు సుత నాకు తెల్వయి. గిన్నేండ్ల సంది ప్రార్థనల యాది జేస్తనే ఉన్న."

ఆమె దొంగ అన్న పేరు గురించి అడుగుతుందనుకున్నాను. దానికి జవాబు సిద్ధం చేసుకున్నాను. ఇది అడుగుతుందని అనుకోలేదు.

"లేదక్కా. రేవులోనే ఆపేశారు. ఎవరూ తినలేదు. ఎవరికీ ఏమీ కాలేదు."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "దేవునికి స్తోత్రం. మంచిగ జెప్పిండ్రు మేడం. గీ ఒక్క మాట చెప్పనీకి ఇంత దూరం వచ్చిండ్రు, మీది మంచి మనసు."

అప్పుడైనా చెప్పాలి కదా? ఇంకెప్పుడు చెప్పాలి? చెప్పలేదు. టీ తాగాను. ఆమె రెండు చేతులూ జోడిస్తే నేనూ జోడించాను. బయటికొచ్చి ఆటో ఎక్కాను. చేయని హత్యకు ఇన్నేళ్లు ప్రార్థన చేసిన మనిషి నాకు దండం పెట్టింది, నేను పుచ్చుకున్నాను. ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. మంచినూనె పొయ్యమన్నది నేను. డబ్బాలు మాయం చేసింది నేను. సుగుణక్క దొంగ కాదు.