నస్పూర్ మీసాలాయన తలలో తుఫాను

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఒకటికి పది కలిపి చెప్పే జబ్బుంది. మా ఆవిడ నా మాటల్లోంచి ముప్పాతిక భాగం తీసేసి మిగిలింది నమ్ముతుంది. మీరు దయగలవారు కనుక సగం తీసేస్తే చాలు. ఆ రోజుల్లో, అంటే మెదడు పరీక్ష ఇంకా కంప్యూటర్‌లోకి ఎక్కని రోజుల్లో, నేను కరీంనగర్‌లో ఒక నరాల దవాఖానలో కొత్తగా చేరిన టెక్నీషియన్ని. రోగి తలకు జిగురు ముద్దతో ఇరవై ఒక్క తీగలు అంటించి మీట నొక్కితే, మెదడులో పుట్టే సన్నటి కరెంటు యంత్రంలోని సిరా కలాలను కదిలించి కాగితం మీద గీతలు గీయించేది. ఒక్కో పరీక్షకు ఖర్చయ్యే కాగితాన్ని రోడ్డు మీద పరిస్తే సుల్తానాబాద్ దాకా వెళ్ళి, అక్కడ చాయ్ తాగి, మిగిలిన కాగితం మీద తిరిగి రావచ్చు. (సగం తీసేశారు కదా? మంచిది.)

చేరి నెల కాలేదు గానీ, బజార్లో నడిచే వాళ్ళ నెత్తి చూసి లోపల ఏముందో చెప్పగలనన్నంత ధీమాగా ఉండేవాణ్ణి. గదిలో రోగి మంచానికీ యంత్రానికీ మధ్య ఒక చెక్క అడ్డుగోడ ఉండేది. నేను మంచం వైపు వీపు పెట్టి, కలాలనే తదేకంగా చూస్తూ కూర్చునేవాణ్ణి. మనిషి తలలోని సంగతంతా కాగితం మీదికి వస్తుంటే ఇంక మనిషిని చూసే పనేముంటుంది?

ఒక మధ్యాహ్నం నస్పూర్ నుంచి ఒక బొగ్గుబాయి కార్మికుడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన మీసాల మీద చెరో పిచ్చుక వాలినా ఒంగేవి కావు. నాలుగు రోజుల కింద బాయి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాడట. మూర్ఛ కాదని డాక్టరు రాసిస్తే తప్ప లోపలికి దిగనివ్వం అన్నారట.

"సారూ, మూర్ఛ అని రాస్తే నా బతుకు గేటుకాడనే. ఇరవై ఏండ్ల సంది దిగుతున్న. మా జట్టంత లోపటికి పోతుంటే నేను మీద కూసోని టోకెన్లు పంచాల్నా?" అన్నాడు.

"ఫికర్ చెయ్యకు అన్నా. నీ తలకాయల ఉన్న కరెంటు ఎట్లుంటే అట్లనే గీస్తది మిషిని."

పక్కనున్న అవ్వ నవ్వింది. "మా ఇంట్లనే కరెంటు సక్కగ ఉండది, వీని తలకాయలకు యాడికెళ్ళి వచ్చె బిడ్డా?"

ఈ పరీక్షలో రోగి కాసేపు నిద్రపోవాలి. ఈయనేమో రాత్రంతా మేలుకుని వచ్చి కూడా, భయంతో ఫ్యాన్ రెక్కలు లెక్కపెడుతున్నాడు. "అవ్వా, జర పండుకోమని చెప్పు," అని నేను ఇవతలికి వచ్చి కూర్చుని మీట నొక్కాను.

రెండు నిమిషాలు గడిచాయో లేదో, కలాలన్నీ ఒక్క తాళానికి లేచి పడసాగాయి! పుస్తకంలో మూర్ఛ బొమ్మ ఎలా ఉంటుందో అచ్చం అలాగే. సిరా ఎగిరి నా చొక్కా మీద, గోడ మీద, క్యాలెండర్‌లోని దేవుడి మీద కూడా పడింది. ఒక్క ఉరుకున డాక్టరమ్మ గదిలో పడ్డాను.

"మేడం! మూర్ఛ! కండ్లముందట నడుస్తుంది!"

ఆవిడ తింటున్న అన్నం వదిలి వచ్చారు. తీరా చూస్తే కలాలు బుద్ధిమంతుల్లా మెల్లగా పాకుతున్నాయి. మంచం పక్కన అవ్వ లేచి నిలబడి దండం పెట్టింది. డాక్టరమ్మ వెళ్ళారు. నిమిషం తిరగకుండా మళ్ళీ తుఫాను. మళ్ళీ ఉరికాను, ఆవిడ వచ్చారు, అవ్వ దండం పెట్టింది, తుఫాను మాయం. మూడోసారి కూడా అంతే. డాక్టరమ్మ నన్ను ఎగాదిగా చూసి, "నీకు గిట్ట ఒస్తున్నయా మూర్ఛలు?" అన్నారు.

ఆమె వెళ్ళాక మీసాలాయన అడిగాడు. "సారూ, ఉన్నదా?"

"ఉన్నట్టే కొడుతుంది అన్నా," అన్నాను బరువుగా. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. పిచ్చుకలు కాదు, గద్దలు వాలినట్టు మీసాలు రెండూ వాలిపోయాయి. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఇంకొక్కసారి చూడు బిడ్డా. ఈసారి సక్కగ పండవెడ్త."

మళ్ళీ మొదలైంది. ఈసారి నేను ఉరకకుండా, లేచి అడ్డుగోడ మీదుగా తొంగిచూశాను. అవ్వ ఆ కొండంత మనిషి భుజం మీద అరచేత్తో కొడుతోంది. ఆమె చెయ్యి పడితే ఆయన తల ఊగుతోంది, తల ఊగితే తీగలు, తీగలు ఊగితే కలాలు!

"అవ్వా, ఏం జేస్తున్నవ్?"

"జోకొడుతున్న బిడ్డా. చిన్నప్పటి సంది గిదే అలవాటు. ఇప్పటికీ నేను జోకొడితేనే పంటడు. కోడలు కొడితె గూడ నిద్ర రాదు వీనికి."

"అవ్వా! గిదంత ఈడ చెప్పాల్నా? మా జట్టోల్లు ఇంటే నా ఇజ్జత్ ఏం గావాలె?" మీసాలాయన లేచి కూర్చున్నాడు, తలనిండా తీగలతో.

చెయ్యి తియ్యమన్నాను, కలాలు సద్దుమణిగాయి. పెట్టమన్నాను, తుఫాను. డాక్టరమ్మను పిలిచి చూపించాం. మూర్ఛ లేదని ఆవిడ అక్కడే నిలబడి రాసిచ్చారు. "మరి ఎందుకు పడ్డడవ్వా?" అని అడిగితే, "శనివారం ఒక్కపొద్దుండి, ఉత్త చాయ తాగి బాయికి పోయిండు. పడడా మరి!" అంది. అంతవరకూ ఆ ముక్క ఆమెను అడిగినవాడు లేడు.

ఇక ఒప్పుకోవాలి. మీసాలు నిజం, అవ్వ నిజం, డాక్టరమ్మ మూడుసార్లు రావడం కూడా నిజమే. నేను తొంగిచూశానన్నది మాత్రం కల్పితం. నాలుగోసారి కూడా నేను ఉరికాను. "మూర్ఛ అని రాసేద్దాం మేడం," అని సలహా కూడా ఇచ్చాను. ఆవిడ లోపలికి రాకుండా తలుపు సందులోంచి చూసి, నా భుజాలు పట్టి మంచం వైపు తిప్పి నిలబెట్టారు. రోగితో మాత్రం, "మా పిల్లగాడే కనిపెట్టిండు," అన్నారు. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఊపుతుంటే, కాదని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అప్పటికే అవ్వ నా నెత్తిన చెయ్యి పెట్టి, "సల్లగుండు బిడ్డా," అనేసింది. ఇంకేం చెప్పను?